లేని శ్లోకం

మూడో పెట్టె కూడా ఖాళీ అయింది.

అందులోంచి తీసిన పుస్తకాలన్నీ నట్టింట్లో చాప మీద పరిచి ఉన్నాయి. అంచులు చిరిగిన నోటుబుక్కులు, దారంతో కుట్టిన కాగితాల కట్టలు. కమల ఒక్కో పేజీ తిప్పి చూసి పక్కన పెడుతోంది. మూడు రోజులుగా ఆమె పొయ్యి దగ్గర ఉన్నది తక్కువ, పెట్టెల దగ్గర కూర్చున్నది ఎక్కువ.

"ఈ కట్టలో గూడా లేదు," అంది.

"సరిగ్గా చూసినావామ్మా?" అని కొడుకు అనిరుధ్ అడిగాడు.

"కండ్లు పోయేట్టు చూస్తాండా. నమ్మకం లేకపోతే నువ్వు చూడు."

వసారాలో కుర్చీలో ఉన్న ఆమె భర్త కోదండపాణి ఇటు తిరగలేదు. ఆదివారం నుంచి ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు. ముప్ఫై నాలుగేళ్లుగా తెల్లవారకముందే గుడి తలుపులు తీసిన మనిషికి, ఇప్పుడు తెల్లవారితే పోవడానికి చోటు లేదు.

ఆదివారం జరిగిన సంగతి జమ్మలమడుగులో తెలియనివాళ్లు లేరు. వేణుగోపాలస్వామి కల్యాణం చివర, ఆశీర్వచనం వేళ ఆయన ఒక శ్లోకం చదివాడు. పినాకినీ తీరాన వెలసిన స్వామీ, నేల విడిచినవాళ్లకు నువ్వే నేల, అని దాని భావం. ఆయనే తెలుగులో విడమరిచి చెప్పాడు. గండికోట నీళ్లలో ఊళ్లు మునిగిపోయి కొండాపురం వైపు కాలనీల్లో ఉంటున్నవాళ్లు ఆ రోజు రెండు ట్రాక్టర్లలో వచ్చి ఉన్నారు. ఆ మాట విని ముసలీ ముతకా అందరూ కళ్లు తుడుచుకున్నారు.

అప్పుడు లేచాడు, అతిథిగా వచ్చిన ఆగమ పండితుడు.

"స్వామీ, ఈ శ్లోకం ఏ సంహితలోదండీ? నేనెక్కడా వినలేదే!"

మైకు ఇంకా ఆపలేదు. ఆ ప్రశ్న వీధి చివరిదాకా వినిపించింది.

కోదండపాణి, "మా గురువుగారి పాఠం. పుస్తకం ఉండాది," అన్నాడు.

గుడి కమిటీ పెద్ద ఓబుళరెడ్డి ఆ మాటనే పట్టుకున్నాడు. శుక్రవారం కమిటీ ముందు ఆ పుస్తకం పెట్టాలి. లేకపోతే దేవుడి ముందు సొంత కవిత్వం చదివిన పూజారి గుడికి అక్కర్లేదు. ఆయన కింద పని చేస్తున్న కొడుకూ అక్కర్లేదు.

ఇవాళ బుధవారం.

"ఇంట్లో లేదు," అన్నాడు అనిరుధ్ లేస్తూ. "అంటే మీ గురువు వరదాచార్యుల వాళ్లింట్లోనే ఉండల్ల. నేను పులివెందులకు పోతా. ఆయన రాసినవన్నీ కొడుకు అటక మీద పెట్టినాడంట."

"నిన్న ఫోన్ చేస్తే లేదనె గదా ఆ కొడుకు?" అంది కమల.

"వెతక్కుండా లేదన్న్యాడు. నేను వెతుకుతా. దొరికేదాకా తిరిగి రాను."

గడప దగ్గర కూతురు అనఘ నిలబడి ఉంది. ప్రొద్దుటూరులో పని పక్కన పెట్టి సోమవారమే వచ్చింది.

"అన్నా," అంది. "ఆడ గూడా లేకపోతే?"

అనిరుధ్ చెప్పు తొడుక్కుంటున్నవాడు ఆగాడు. "ఏందే ఆ మాట?"

"ఆ శ్లోకం అసలు యాడా లేకపోతే, అంటాండా."

"అంటే మీ నాయన అబద్ధం చెప్పినాడా?" కమల చేతిలోని కట్ట కింద పడేసింది. "ఊరంతా అనేది చాలకనా, ఇంట్లో నువ్వు గూడా మొదలుపెట్టినావు?"

"అట్ల కాదమ్మా..."

"మరి ఎట్ల?"

వసారాలోంచి తండ్రి గొంతు వినిపించింది. మెల్లగా, ఎవరితోనూ కాకుండా చెప్పుకున్నట్టు.

"ఉండాది. యాడో ఉండాది."

అనిరుధ్ మోటారుసైకిల్ శబ్దం వీధి మలుపు తిరిగేదాకా వినిపించి ఆగిపోయింది.

ఆ శ్లోకం ఏ పుస్తకంలోనూ లేదని ఆ ఇంట్లో అనఘకు ఒక్కదానికే తెలుసు. అది ఆదివారం తెల్లవారుజామున ఐదుంబావుకు పుట్టింది. పుట్టించింది ఆమె నడుపుతున్న యంత్రం.

*

ప్రొద్దుటూరులో బట్టల అంగడి మేడ మీద ఒక గది. రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు. ఇడుపులపాయ ఇంజనీరింగ్ కాలేజీలో కలిసి చదువుకున్న అనఘ, యాస్మిన్ ఏడాదిన్నర కింద ఆ గదిలో మొదలుపెట్టిన పని పేరు 'అడుగప్పా'.

ఎక్కడో ఒక కంపెనీ తయారు చేసిన పెద్ద భాషా నమూనాకు, అంటే మనిషిలా జవాబులు చెప్పే ఏఐకి, వీళ్ల వాట్సాప్ నంబరు తగిలించారు. కువైట్‌లో ఉన్న మొగుడి కాగితాల సంగతి, ఆగిపోయిన పింఛను, రేషన్ కార్డులో తప్పు పడిన పేరు, ఏది అడిగినా ఇక్కడి యాసలోనే జవాబు చెబుతుంది. చదువు రానివాళ్లు మాట రికార్డు చేసి పంపినా సరే. దాని నడవడికంతా ఒక పేజీలో రాసిపెట్టారు. ప్రతి ప్రశ్నకూ ముందు అది ఆ పేజీ చదువుకుంటుంది. మర్యాదగా మాట్లాడు. విసుక్కోవద్దు. మొదటి పలకరింపులోనే, మీరడిగింది ఎవరికీ చెప్పనని మాట ఇవ్వు.

ఆ చివరి వాక్యం అనఘ రాసింది.

అయినా వచ్చిన ప్రశ్నలు, ఇచ్చిన జవాబులు అన్నీ వీళ్ల కంప్యూటర్‌లో ఉంటాయి. తప్పులు దిద్దాలంటే ఎవరో ఒకరు చదవాలి. చదివేది అనఘ. పేర్లుండవు, నంబర్లే. రెండు నెలల కింద ఒక నంబరు చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది. చిన్నప్పటి నుంచి కంఠస్థం అయిన నంబరు అది.

*నామాల్లో మూడో వరస తర్వాత ఏమొస్తుంది?*

మరునాడు ఇంకొకటి. ఆ తరువాత వారం, *అరవై దాటితే రోజూ చదివేది మర్చిపోవడం మామూలేనా? దీనికి యాడ చూపించుకోవల్ల?*

యంత్రమంటే మొహం చిట్లించే నాన్న, గుడి తలుపు తీసే ముందు రోజూ దాన్నే అడుగుతున్నాడు. అనఘ ఎవరికీ చెప్పలేదు. ఇచ్చిన మాట ఒక కారణం. భయం ఇంకో కారణం. మూడోది తలుచుకుంటే ఇప్పుడామెకు సిగ్గుగా ఉంది. నా పని చివరికి నాన్నకు కూడా అక్కరకొచ్చింది కదా అని ఆ రోజు లోలోపల మురిసిపోయింది. మొదటి నాలుగైదు జవాబులు సరిచూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఆ తరువాత చూడడం మానేసింది.

బుధవారం మధ్యాహ్నం బస్సులో వచ్చి గదిలో కూర్చుని యాస్మిన్‌కు అంతా చెప్పింది. యాస్మిన్ ఆదివారం నాటి మాటలు తెరిచి చదివింది.

ఆశీర్వచనంలో నది పేరు వచ్చే శ్లోకం చివరి రెండు పాదాలు గుర్తు రావడం లేదని కోదండపాణి రాశాడు. ఇవాళ కొండాపురం ముంపు జనం వస్తున్నారని కూడా రాశాడు. యంత్రం తడుముకోలేదు. అడిగిన రెండు పాదాలూ ఇచ్చింది. వచ్చేవాళ్ల బాధకు తగినట్టుగా అల్లి ఇచ్చింది. ఇదే మీరు మర్చిపోయిన శ్లోకమని ధైర్యంగా చెప్పింది.

యాస్మిన్ తెర మీద ఆ జవాబు దగ్గర వేలు పెట్టింది.

"ఇది తెలీదని చెప్పల్ల గదా," అంది. "మనం దానికిచ్చిన కాగితాల్లో లేని సంగతి అడిగితే 'నాకు తెలీదప్పా' అనమని నేనే రాస్తిని. ఏడో వాక్యం. యాడ పోయిందది?"

అనఘ తల దించుకుంది.

"నిన్నే అడుగుతాండా మే. యాడ పోయింది?"

"నేనే తీసేసినా. జూన్‌లో."

"నాకు చెప్పకుండానా?"

"కొంచెం మెత్తగా మార్చినా అని చెప్పినా..."

"మార్చడం వేరే, తీసేయడం వేరే!"

"రెండుసార్లు తెలీదంటే మనుషులు మళ్లీ రావడంల్యా యాస్మిన్. సగం మంది పోయినారు. మూసేయాల్సి వస్తాదని భయమేసింది."

యాస్మిన్ లేచి కిటికీ దగ్గరికి పోయింది. కింద అంగడి వీధి రద్దీగా ఉంది. కాసేపటికి వెనక్కి తిరిగి వచ్చి ఇంకో నంబరు వెతికింది.

"మా వీధిలో హజరాబీ నిన్న పొద్దున పులివెందులకు పోయింది," అంది. "మొగుని పాస్‌పోర్టు సంగతికి. సాయంత్రం వచ్చి, ఆ ఆఫీసు యాడుందో ఎవురికీ తెలీదంట యాస్మినూ, ఎండలో తిరిగి తిరిగి కాళ్లు వాచినాయి అన్న్యాది. ఆయమ్మే సరిగ్గా కనుక్కోలేదేమో అనుకుంటి నేను."

హజరాబీ అడిగినవి ఇద్దరూ చదివారు. మొదటి మూడు జవాబులు సరైనవే. నాలుగోదాంట్లో యంత్రం పులివెందులలో ఒక ఆఫీసు పేరు చెప్పింది. వీధి పేరు కూడా చెప్పింది. అటువంటి ఆఫీసు పులివెందులలో లేదు.

యాస్మిన్ కీబోర్డు తన వైపు లాక్కుంది.

"ఇప్పుడే ఆపల్ల," అంది యాస్మిన్. "అందరికీ కబురు పంపల్ల. మేం చెప్పినవాట్లో లేనివి గూడా ఉండాయి, నమ్మొద్దండి అని. ఒక్కరిని గూడా వదలకుండా."

"అందరికీ అంటే మా నాయనకు గూడా వస్తాది."

"రావల్ల గదా?"

"ఒక్కడే కూర్చుని ఫోన్‌లో చదువుకుంటాడు యాస్మిన్. అట్ల తెలియకూడదు. నేను పోయి చెప్తా."

"చెప్పు. నేనొద్దంటినా?"

"ఎవరికీ చెప్పం అని మాట ఇచ్చినాం గదా. నేను చదివినానని తెలిస్తే..."

"ఆయన మాట ఆయనకే చెప్తే మాట తప్పినట్టు కాదు," అంది యాస్మిన్. ఆమె గొంతులో కోపం తగ్గలేదు, కానీ మెత్తబడింది. "మీ అన్నకు చెప్తే తప్పు. మీ అమ్మకు చెప్తే తప్పు. చదివి రెండు నెలలు నోరు మూసుకున్యావే, అది ఇంకా పెద్ద తప్పు. పో. ఐదు గంటల దాకా ఆగుతా. అంతకంటే ఆగను. ఇంకో హజరాబీ యాడికో బయల్దేరి ఉంటాది."

యాస్మిన్ 'అడుగప్పా'ను నిలిపివేయడం చూసి అనఘ మెట్లు దిగింది.

*

బస్సు జమ్మలమడుగు చేరేసరికి నాలుగు దాటింది. కమల పక్కింటికి పోయి ఉంది. కోదండపాణి వసారాలో అదే కుర్చీలో ఉన్నాడు. అనఘ చెప్పులు విడిచి ఆయన పాదాల దగ్గర అరుగు మీద కూర్చుంది.

"నాయనా, నీకొక మాట చెప్పల్ల."

"మీయన్న ఫోన్ చేసినాడా?"

"లేదు." ఆమె ఇంకొంచెం దగ్గరికి జరిగింది. "పుస్తకం లేదు నాయనా. అన్న ఎంత వెతికినా దొరకదు. ఆ శ్లోకం నీకు చెప్పింది అడుగప్పా. అది కల్పించి చెప్పింది."

ఆయన ఆమె వైపు తిరిగాడు.

"దాన్ని అడిగినానని నీకెట్ల తెలుసు?"

"అడిగినవన్నీ మా కంప్యూటర్‌లో ఉంటాయి. నేను చదివినా."

"అన్నీనా?"

"అన్నీ."

"డాక్టరు సంగతి అడిగింది గూడా?"

"చదివినా నాయనా."

ఎదురింటివాళ్లు వాకిట్లో నీళ్లు చల్లుతున్నారు. ఆయన ఆ నీళ్ల వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఎవరికీ చెప్పనని రాసిండాది గదమ్మా, మొదట్లోనే."

"అది రాసింది నేనే."

ఆయన తల ఊపాడు. తిట్టి ఉంటే అనఘకు సులువుగా ఉండేది.

"అనిరుధ్ నా పక్కనే నిలబడి ఉంటాడు," అన్నాడు. "వాన్ని అడగొచ్చు. అన్నీ వచ్చు వానికి. కానీ ఒక్కసారి అడిగితే, ఆ పొద్దు నుంచి వాడు నన్ను చూసే చూపు మారిపోతాది. మిషన్‌కు చూపు లేదు గదా అనుకుంటి. ఆ చూపు నీదని తెలీదు."

అనఘ కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

"ఆ పాదాలు చూసినప్పుడు కొత్తగా అనిపించలేదా నాయనా నీకు?"

"అనిపించింది." ఆయన తన చేతులు రెండూ ఒకసారి చూసుకున్నాడు. "కానీ శానా పాతవి గూడా నాకిప్పుడు కొత్తగానే ఉంటాండాయి తల్లీ. పోయిన నెల పుష్పాంజలి చదువుతాంటే, ఇదెప్పుడు నేర్చుకున్యానా అనిపించె. మొదట్నుంచి లేనిదేదో, నాలోంచి జారిపోయిందేదో నేనెట్ల తేల్చుకోవల్ల? చదివితే బాగుండాది. మా గురువు గొంతులో ఇన్నట్టే ఉండాది. ఆయనిచ్చిందే అయింటాది, నేనే పోగొట్టుకున్యా అనుకుంటి."

"ఊరి ముందర ఆయన పేరు చెప్తివి గదా."

"అబద్ధమని తెలిసి చెప్పలేదు. నాకొచ్చిందంతా ఆయన పెట్టిందే. ఇంకెవరి పేరు చెప్పల్ల?"

వీధిలో ఎవరో దండం పెడుతూ పోయారు. ఆయన అలవాటుగా చెయ్యి ఎత్తి దీవించి దించుకున్నాడు.

"ఆదివారం ఆ కొండాపురం ముసలామె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది," అన్నాడు. "నలభై ఏండ్లు కాపురం చేసిన ఇల్లు నీళ్లల్లో ఉండాదంట. స్వామి మా మాట ఇన్న్యాడు అన్న్యాది. ఆయమ్మకు ఏం చెప్పల్ల ఇప్పుడు?"

ఆ ప్రశ్నకు అనఘ దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు నటించనూ లేదు.

"తప్పు నాది నాయనా. తెలీనప్పుడు తెలీదని చెప్పమనే మాట అందులోంచి తీసేసింది నేను. కమిటీలో నేను చెప్తా."

"నువ్వెందుకు? గుడి నాది, నోరు నాది." ఆయన మొదటిసారిగా నిటారుగా కూర్చున్నాడు. "శుక్రవారం నేనే చెప్తా. నాకు గుర్తు రాలేదు, అడిగినా, అది చెప్పింది, నేను చదివినా. అంతే గదా జరిగింది."

"మర్చిపోతాండానని చెప్పాల్సొస్తాది."

"చెప్తా. ఎన్నాళ్లు దాపెట్టల్ల? మొదట మీ అమ్మకు చెప్పల్ల. మీయన్నకు చెప్పల్ల. వాడు పాపం యాడ అటకలెక్కి వెతుకుతాండాడో. ఫోన్ చేసి రమ్మను."

అనఘ ఫోన్ చేసింది. మోగింది, కానీ అనిరుధ్ ఎత్తలేదు.

ఐదు గంటలకు ఇద్దరి ఫోన్లూ ఒకేసారి చప్పుడు చేశాయి. కోదండపాణి కళ్లద్దాలు పెట్టుకుని యాస్మిన్ పంపిన కబురు మెల్లగా బయటికే చదివాడు.

"'మీరు నమ్మి అడిగినారు. మేము చెప్పినవాట్లో కొన్ని నిజం కాదు. వాటిని పట్టుకుని మీరు యాడికన్నా పోయి ఉంటే, ఎవరికన్నా చెప్పి ఉంటే, ఆ తప్పు మీది కాదు, మాది.'" ఆయన కళ్లద్దాలు తీశాడు. "మర్యాదగా రాసినారు," అన్నాడు.

ఆ మాటతో అనఘకు మూడు రోజుల తరువాత ఊపిరాడింది.

సరిగ్గా అప్పుడు మోటారుసైకిల్ వచ్చి ఆగింది.

అనిరుధ్ బండి స్టాండు కూడా సరిగ్గా వేయలేదు. తల నిండా దుమ్ము. చంకలో పాత పంచెలో చుట్టిన పొట్లం. "అమ్మా!" అని పక్కింటి వైపు కేకేశాడు. "నాయనా, దొరికింది!"

కమల పరుగున వచ్చింది. అనిరుధ్ పొట్లం విప్పి ఒక లావుపాటి నోటుబుక్కు తండ్రి ఒడిలో పెట్టి పేజీ తెరిచాడు.

"వరదాచార్యుల చేతిరాత. అటక మీద ఒక మూటలో ఉండాది. ఇదో, చూడు. నది పేరు, నేల మాట, అన్నీ ఉండాయి."

"నువ్వే చూసినావా అన్నా?" అంది అనఘ.

"నేనే చూసినా. ఇంకెవరు చూస్తారు?" అతను ఆమె వైపు తిరగలేదు. "ఫోటో తీసి ఓబుళరెడ్డికి పంపినా. శుక్రవారం దాకా ఎందుకు, రేప్పొద్దున్నే వచ్చి గుడి తలుపులు తీయమను మీ నాయనను, అన్న్యాడు."

కమల గోడకు ఆనుకుని కూర్చుండిపోయి ఏడ్చింది. అది దుఃఖం కాదు.

కోదండపాణి కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. పేజీ మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం మీదా జరిపాడు. ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. ఆయన ముఖం వైపు చూస్తున్న అనఘకు, ఇందాక అంత నెమ్మదిగా నిజానికి నిలబడిన మనిషి మెల్లగా మారిపోవడం కనిపించింది. కళ్లు మెరిశాయి.

"ఉండాదే," అన్నాడు. "అనఘా, ఉండాదే! చూడు. మీ మిషను కల్పించలేదు. నేను... నేను మర్చిపోలేదు తల్లీ."

అనఘ వంగి చూసింది. పేజీ నిండా ఉన్న అక్షరాలు ఏనాడో గోధుమ రంగుకు తిరిగి, అక్కడక్కడా కాగితంలో కలిసిపోయి ఉన్నాయి. చివరి రెండు పాదాలు మాత్రం కొత్త సిరాతో నల్లగా ఉన్నాయి.

ఆమె అన్న వైపు చూసింది. అనిరుధ్ అప్పుడు చూశాడు. తల అడ్డంగా కొంచెమే ఊపాడు. వద్దు, అన్నట్టు.

"నాకీ పొద్దు చూపు ఆనడం లేదు," అంటూ కోదండపాణి పుస్తకం తీసి కూతురి చేతుల్లో పెట్టాడు. "నువ్వు చదువమ్మా. గట్టిగా చదువు. మీయమ్మ ఇనల్ల."

కమల కొంగుతో మొహం తుడుచుకుని చేతులు జోడించింది.

అనఘ పుస్తకం పట్టుకుని నిలబడింది. ముగ్గురూ ఆమె గొంతు కోసం ఎదురుచూస్తున్నారు.